విజయవాడ, గుంటూరు బడి పిల్లలను విజ్ఞాన యాత్రకు తీసుకువెళ్లడం ఎలా?

నవంబరు రాగానే బడుల్లో యాత్రల మాట మొదలవుతుంది. బస్సు మాట్లాడడం, తలకింత అని వసూలు చేయడం, తెల్లవారుజామున బయలుదేరి నాలుగైదు చోట్లు చుట్టబెట్టి బాగా పొద్దుపోయాక తిరిగి రావడం, మరునాడు సగం తరగతి బడికి రాకపోవడం మామూలుగా జరిగే పద్ధతి. పిల్లలకు అది సంతోషమే, కాదనను. కానీ వారం గడిచాక ఏం తెలుసుకున్నారని అడిగితే, బస్సులో పాడిన పాటలు, దారిలో కొనుక్కున్నవి తప్ప పెద్దగా చెప్పలేరు. పర్యావరణం, సంస్కృతి, బాధ్యత అన్న మూడు మాటలను మనం అనుమతి పత్రంలో తప్పకుండా రాస్తాం గానీ, ఆ మూడూ పిల్లల కంటికి, చేతికి అందేలా రోజును అమర్చడానికి అంత శ్రద్ధ పెట్టం. ఆ అమరిక ఎలా చేయాలో ఇక్కడ వరుసగా వివరిస్తున్నాను. ఐదు నుంచి తొమ్మిదో తరగతి వరకు బోధించే ఉపాధ్యాయులను, బడి యాత్రల్లో సాయపడే తల్లిదండ్రులను దృష్టిలో పెట్టుకొని రాసినది ఇది.

మొదట ప్రశ్న, తర్వాత స్థలం

“ఎక్కడికి వెళ్దాం?” అని కాక, “ఏం తెలుసుకుందాం?” అని మొదలుపెట్టండి. ప్రశ్న ఒక్కటే ఉండాలి. అది పిల్లల నిత్యజీవితంలోంచి రావాలి, దానికి జవాబు పాఠ్యపుస్తకంలో పూర్తిగా దొరకకూడదు. ప్రశ్న కుదిరితే స్థలం దానంతటదే తేలుతుంది, ఏ చోట్లు వదిలేయాలో కూడా తేలుతుంది.

మన ప్రాంతంలో ఇటువంటి ప్రశ్నలకు కొదవ లేదు. గుంటూరు వైపు చిన్న తరగతులకు “ఊరివాళ్లు కాపాడకపోతే ఉప్పలపాడు చెరువులో ఇన్ని పక్షులు ఉండేవా?” అన్న ప్రశ్న సరిపోతుంది. గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు ఒక మామూలు పల్లెచెరువులోని చెట్లమీద గూళ్లు కట్టుకొని పిల్లలను పెంచుతున్నాయంటే, దాని వెనుక ఆ ఊరివాళ్ల ఓర్పు ఎంత ఉందో అక్కడ నిలబడితే అర్థమవుతుంది. విజయవాడ వైపు ఆరు, ఏడు తరగతులకు “అడవి లేకపోతే కొండపల్లి బొమ్మ ఉంటుందా?” అని అడగండి. బొమ్మకు వాడే తేలికపాటి తెల్ల పొణికి కర్ర అడవిలోంచే రావాలి. విడివిడిగా చెక్కిన అవయవాలను అతికించే మక్కు చింతగింజల పిండితో, రంపపు పొట్టుతో తయారవుతుంది. చెట్టు తరిగిపోతే కళ ఏమవుతుందో కళాకారుల నోటనే వినవచ్చు.

తొమ్మిదో తరగతికైతే “అమరావతి శిల్పాలు చాలావరకు అమరావతిలో ఎందుకు లేవు?” అన్నది బరువైన ప్రశ్న. 1797లో ఈస్టిండియా కంపెనీ అధికారి కోలిన్ మెకంజీ వచ్చి చూసేనాటికే అక్కడి బౌద్ధ స్తూపపు దిబ్బను ఇటుకల కోసం, రాళ్ల కోసం తవ్వుతున్నారు. శిల్పాలు చెక్కిన సున్నపురాతి పలకలు కొన్ని కట్టడాల్లోకి, కొన్ని సున్నపు బట్టీల్లోకి పోయాయి. మిగిలిన వాటిలో చాలాభాగం చెన్నై ప్రభుత్వ మ్యూజియానికి, లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియానికి చేరాయి. పరాయివాళ్లు పట్టుకుపోయారన్న మాట ఒక్కటే చెప్పి ఊరుకోకుండా, మనవాళ్లు కూడా ఆ రాళ్లను కాల్చి సున్నం చేసుకున్నారన్న సంగతిని పిల్లల ముందు పెట్టండి. విలువ తెలియని వస్తువుకు ఏం జరుగుతుందో ఇంతకంటే స్పష్టంగా చెప్పే ఉదాహరణ మన జిల్లాల్లో మరొకటి లేదు.

ఇక్కడినుంచి ఒకే ప్రశ్నను ఉదాహరణగా తీసుకుని వివరిస్తాను: “మన కుళాయిలోకి, మన పొలాల్లోకి నీళ్లు ఎలా వస్తున్నాయి, వాడి వదిలేశాక ఎక్కడికి పోతున్నాయి, ఆ నీటి ఒడ్డున మన పెద్దలు ఏం కట్టుకున్నారు?” దీనికి ప్రకాశం బ్యారేజీ, ఉండవల్లి గుహలు, మంగళగిరి మగ్గాలు చాలు. మూడూ ఒకదానికొకటి అరగంట దూరంలోపే ఉన్నాయి. గుంటూరు నుంచి వచ్చేవారికీ, బెజవాడ నుంచి వెళ్లేవారికీ ఒకేలా అనుకూలం. నాలుగో చోటు కలపాలని ఎవరైనా ఒత్తిడి చేస్తే ఒప్పుకోకండి.

కాలం, వారం, దూరం

నవంబరు నడిమి నుంచి ఫిబ్రవరి చివరి వరకు అనువైన కాలం. మార్చి దాటితే మన ఎండలు పిల్లలను చూడనివ్వవు, విననివ్వవు. గేట్లన్నీ ఎత్తిన బ్యారేజీని చూపించాలన్న ఆశతో ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో బయలుదేరకండి. ఆ దృశ్యం గొప్పదే గానీ వరద సమయంలో నది ఒడ్డు పిల్లల గుంపుకు తగిన చోటు కాదు. ఇంద్రకీలాద్రి మీద దసరా ఉత్సవాలు, డిసెంబరులో భవానీ దీక్షల విరమణ, కార్తీక సోమవారాలు రద్దీ ఎక్కువగా ఉండే రోజులు కాబట్టి వాటిని తప్పించండి. అమరావతి మ్యూజియం వంటి కేంద్ర పురావస్తు శాఖ మ్యూజియాలకు శుక్రవారం సెలవు. మంగళ, బుధ, గురువారాల్లో ఒకటి ఎంచుకుంటే అన్ని విధాలా నిశ్చింత.

పిల్లలు బస్సులో కూర్చునే సమయం రానూపోనూ కలిపి రెండున్నర గంటలు దాటకూడదన్నది నా గట్టి అభిప్రాయం. దూరం పెరిగిన కొద్దీ ఖర్చు పెరుగుతుంది, ఖర్చు పెరిగిన కొద్దీ పేదపిల్లలు ఇంటి దగ్గర మిగిలిపోతారు.

ముందుగా మీరే ఒకసారి వెళ్లి రండి

యాత్రకు రెండు వారాల ముందు, యాత్ర మంగళవారమైతే మంగళవారమే, అదే సమయానికి, అదే దారిలో ఇద్దరు ఉపాధ్యాయులు వెళ్లి రావాలి. వారిలో ఒకరు తప్పనిసరిగా మహిళ అయి ఉండాలి, ఎందుకంటే ఆడపిల్లలకు ఎక్కడ శుభ్రమైన మరుగుదొడ్డి, తలుపుకు గడియ, నీళ్లు ఉన్నాయో చూసి తేల్చవలసింది వారే. యాత్ర రోజున నీళ్లు తాగితే మరుగుదొడ్డికి వెళ్లవలసి వస్తుందని పొద్దుటి నుంచి గొంతు తడుపుకోని ఆడపిల్లలు మన బడుల్లో చాలామంది ఉన్నారు. ఈ ఒక్క ఏర్పాటు సరిగ్గా లేకపోతే వారికి మిగిలిన రోజంతా బాధే.

బస్సు ఎక్కడ ఆగుతుంది, అక్కడినుంచి ఎంత దూరం నడవాలి, రోడ్డు దాటాలా, నీడ ఎక్కడ ఉంది, దగ్గరి ఆసుపత్రి ఏది అన్నవి రాసుకోండి. నడవలేని పిల్లవాడో, చూపు తక్కువైన పిల్లో తరగతిలో ఉంటే వారి కళ్లతో కూడా ఒకసారి దారిని చూడండి. ఉండవల్లిలో పై అంతస్తులకు మెట్లెక్కాలి కాబట్టి, ఎక్కలేని వారికి కింది అంతస్తులోనే, మిగిలినవారి పనికి ఏమాత్రం తీసిపోని పని ఒకటి సిద్ధం చేయండి. అటువంటి పిల్లలను బస్సులో కూర్చోబెట్టి వెళ్లడం ఎట్టి పరిస్థితుల్లోనూ తగదు.

మంగళగిరిలో నేతపని చేసే కుటుంబంతో ఈ ముందు ప్రయాణంలోనే మాట్లాడాలి. ఏ సమయంలో వస్తే వారికి ఇబ్బంది లేదో, మగ్గం గదిలో ఒకసారికి ఎంతమంది నిలబడగలరో అడిగి తెలుసుకోండి. వారి సమయానికి ఇంత అని ముందే మాట్లాడుకుని, యాత్ర ఖర్చులో దానిని చేర్చండి. పిల్లలకు వివరిస్తూ కూర్చున్నంతసేపు మగ్గం ఆగుతుంది, మగ్గం ఆగితే ఆ ఇంటి కూలి ఆగుతుంది. ఊరికే చూసిపోతాం కదా అనుకోవడం న్యాయం కాదు. శ్రమకు విలువ ఇవ్వాలని తరగతిలో చెప్పే మనం దానిని పిల్లల ఎదుట ఆచరించి చూపే అవకాశం ఇదే.

అనుమతులు, బస్సు, డబ్బు

ప్రధానోపాధ్యాయుల రాతపూర్వక అనుమతి, విద్యాశాఖ నిబంధనల ప్రకారం పై అధికారులకు సమాచారం, ప్రతి తల్లి లేదా తండ్రి సంతకంతో అంగీకార పత్రం తీసుకోండి. ఆ పత్రంలోనే పిల్లలకు ఉన్న ఉబ్బసం, మూర్ఛ, పడని తిండి, రోజూ వేసుకునే మందు వంటి వివరాలు అడగండి. ఆర్టీసీ బస్సును అద్దెకు తీసుకోవడం మేలు. ప్రైవేటు బస్సయితే ఫిట్‌నెస్ పత్రం, బీమా, పర్మిట్, డ్రైవరు లైసెన్సు కాగితాలు చూసి, నకళ్లు తీసి దగ్గర పెట్టుకోండి. సీట్లకు మించి ఒక్కరిని కూడా ఎక్కించవద్దు. చీకటి పడకముందే పిల్లలు బడికి చేరేలా తిరుగు ప్రయాణం పెట్టుకోండి.

కేంద్ర పురావస్తు శాఖ కట్టడాల్లో 15 ఏళ్లలోపు పిల్లలకు ప్రవేశ రుసుము లేదు కాబట్టి ఖర్చు ప్రధానంగా బస్సుదే. డబ్బు ఇవ్వలేని పిల్లల సంగతి తరగతిలో నలుగురి ముందు తేల్చకండి. బడి నిధి నుంచో, తల్లిదండ్రుల కమిటీ నుంచో ముందే సర్దుబాటు చేసుకుని, ఎవరు కట్టారో ఎవరు కట్టలేదో పిల్లలకు తెలియకుండా చూడండి.

ముందు వారం తరగతిలో చేయవలసిన పని

యాత్రలో పిల్లలు ఎంత చూడగలరన్నది ముందు వారం మీద ఆధారపడి ఉంటుంది. ఏమీ తెలియకుండా వెళ్లిన పిల్లవాడికి బ్యారేజీ ఒక పొడవాటి వంతెన మాత్రమే.

మొదటి రోజు ఇంటి లెక్క ఇవ్వండి. ఇంట్లో రోజుకు ఎన్ని బకెట్ల నీళ్లు వాడుతున్నారో, అవి ఎక్కడివో రాసుకురమ్మనండి. రెండో రోజు పటం ముందు పెట్టండి. మహాబలేశ్వరం దగ్గర పుట్టిన కృష్ణ సుమారు 1,400 కిలోమీటర్లు ప్రవహించి హంసలదీవి దగ్గర సముద్రంలో కలుస్తుందని, దారిలో మూడు రాష్ట్రాలు ఈ నీటిని వాడుకున్నాకే అది మన దగ్గరికి వస్తుందని వేలితో గీసి చూపించండి. ఇక్కడ మొదటి ఆనకట్ట 1855 నాటికి పూర్తయింది. ఇప్పుడున్న బ్యారేజీ 1957లో వచ్చింది, దానికి టంగుటూరి ప్రకాశం పంతులుగారి పేరు పెట్టారు. ఏలూరు కాలువ, బందరు కాలువ, రైవస్ కాలువ బెజవాడ నడిబొడ్డు గుండా సాగి తూర్పు డెల్టాకు వెళ్తుంటే, సీతానగరం వైపు నుంచి బయలుదేరే కాలువలు తెనాలి, దుగ్గిరాల పొలాలను తడుపుతాయి. ఒకప్పుడు ఈ కాలువల మీదుగా పడవలు కొమ్మమూరు కాలువ, బకింగ్‌హామ్ కాలువ దాటి చెన్నపట్నం దాకా సరుకులు మోసేవని చెబితే, రోజూ బస్సులోంచి చూసే కాలువ మీద వారికి కొత్త గౌరవం కలుగుతుంది.

మూడో రోజు లెక్కల టీచరును పిలవండి. 2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చింది. ఒక క్యూసెక్కు అంటే సెకనుకు సుమారు 28 లీటర్లు. అలాగైతే సెకనుకు ఎన్ని లీటర్లు, మనం ఇంటికి తెప్పించుకునే 20 లీటర్ల నీళ్ల క్యాన్లు ఎన్ని నిండుతాయి? లెక్క కట్టిన పిల్లలు సెకనుకు 3 కోట్ల లీటర్లకు పైగా, అంటే 15 లక్షల క్యాన్లకు పైగా అని తేల్చుకున్నప్పుడు తరగతి నిశ్శబ్దమవుతుంది. పత్రికల్లో వచ్చే క్యూసెక్కు అన్న మాట వారి సొంతం అయ్యేది అప్పుడే.

అదే సందర్భంలో బుడమేరు వాగు సంగతి చెప్పండి. ఆ రోజుల్లో సింగ్‌నగర్ పరిసరాలను ముంచింది కృష్ణ కాదు, కొల్లేరు వైపు సాగే బుడమేరు అని చాలామంది పిల్లలకు, కొందరు పెద్దలకు కూడా తెలియదు. వాగు దారి ఇరుకైతే నీళ్లు ఎవరి ఇంట్లోకి వస్తాయన్నది పర్యావరణ పాఠంలో అన్నిటికంటే దగ్గరి ఉదాహరణ. అయితే మీ తరగతిలో ఆ నీళ్లలో రోజుల తరబడి ఇరుక్కున్న పిల్లలు ఉండవచ్చు. వారంతట వారు చెబితే వినండి, నిలబెట్టి చెప్పించకండి. పుస్తకాలు, సామాన్లు పోగొట్టుకున్న బాధ వారికి ఇంకా తగ్గి ఉండకపోవచ్చు.

పిల్లలకు నిజమైన పనులు పంచండి

బాధ్యత గురించి ఉపన్యాసం అక్కరలేదు. చేయకపోతే ఎవరికో ఇబ్బంది కలిగే పని ఒకటి ప్రతి పిల్లవాడి చేతిలో పెట్టండి. తరగతిని ఎనిమిదేసి మంది జట్లుగా చేసి, ప్రతి జట్టుకూ ఒక పెద్దవారిని అప్పగించండి. జట్టులో ఇద్దరు నీళ్లు, మజ్జిగ, ఓఆర్ఎస్ చూసుకోవాలి. ఇద్దరు తడి చెత్త, పొడి చెత్త సంచులు మోయాలి. ఒకరు సమయం చూసి జట్టును కదిలించాలి. ఒకరు ప్రథమ చికిత్స పెట్టె దగ్గర ఉండాలి, ఒకరు ఖర్చు రాయాలి, ఒకరు తిరిగి వచ్చాక రాయవలసిన ఉత్తరాలకు వివరాలు సేకరించాలి. ఎప్పుడూ అల్లరి చేస్తాడని పేరున్న పిల్లవాడికి లెక్కింపు బాధ్యత ఇచ్చి చూడండి. బస్సు ఎక్కిన ప్రతిసారీ తలలు లెక్కించి “అందరం ఉన్నాం సార్” అని చెప్పేది అతడే అయితే, ఆ రోజు అతని నడక, మాట రెండూ మారతాయి. ఆ తర్వాత మీరు కూడా మరొకసారి లెక్కించండి, ఎందుకంటే చివరి జవాబుదారీ మీదే.

ప్రతి పిల్లవాడికీ ఒక జత ఉండాలి. జత లేకుండా మరుగుదొడ్డికి కూడా వెళ్లకూడదన్న నియమం ముందే పెట్టండి. 108, 112, 1098 నంబర్లు, బడి నంబరు ప్రతివారి నోటు పుస్తకం మొదటి పేజీలో రాయించండి.

ఇంటినుంచి ఏం తేవాలో కూడా పట్టికగా ఇవ్వండి: స్టీలు సీసాలో నీళ్లు, స్టీలు గ్లాసు, టోపీ లేదా కండువా, పెన్సిలు, నోటు పుస్తకం. ప్లాస్టిక్ సీసాలు, పొట్లాల్లో వచ్చే చిరుతిళ్లు వద్దని తల్లిదండ్రులకు ముందే చెప్పండి. ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ పళ్లేలు, గ్లాసులు, స్పూన్లు, స్ట్రాలను 2022 జూలై 1 నుంచి దేశమంతటా నిషేధించారన్న విషయం పిల్లలచేతనే ఇంట్లో చెప్పించండి.

ఆ రోజు: నది దగ్గర

ఏడున్నరకు బయలుదేరి, ఎండ ముదరకముందే సీతానగరం వైపు ఘాటు దగ్గరికి చేరండి. బస్సును బ్యారేజీ మీద ఆపడానికి వీలుండదు కాబట్టి అక్కడి రద్దీలో పిల్లలను దించే ఆలోచన చేయకండి. ఒడ్డున, మెట్లకు చాలా పైన, నీడపట్టున నిలబెట్టండి. నీళ్లలోకి దిగడం, మెట్ల మీద ఆడడం, పడవ ఎక్కడం ఈ యాత్రలో లేవని ముందురోజే ఖండితంగా చెప్పాలి. 2017 నవంబరు 12న ఇబ్రహీంపట్నం దగ్గర పవిత్ర సంగమం వద్ద పడవ బోల్తా పడి 20 మందికి పైగా చనిపోయారు. వారు విహారానికి వచ్చినవారే. లైఫ్ జాకెట్లు ఉన్నాయి కదా, ఒక్క చుట్టే కదా అని ఎవరు నచ్చజెప్పినా, ఇంతమంది పిల్లలతో పడవ ఎక్కే ప్రమాదం తలకెత్తుకోవద్దు.

అక్కడ మీరు మాట్లాడకండి, చూడనివ్వండి. పది నిమిషాలు మౌనంగా చూసి, కనిపించినవి రాయమనండి. బ్యారేజీకి పైవైపు నీళ్లు నిండుగా ఉంటాయి, కిందివైపు చలికాలంలో ఇసుక మేటలు, వాటి మధ్య పాయలు, అక్కడక్కడ కొంగలు కనిపిస్తాయి. ఒకే నది రెండు వైపులా రెండు రకాలుగా ఎందుకు ఉందన్న ప్రశ్న వారికే పుట్టాలి. అది పుట్టాక 70 గేట్ల సంగతి, సుమారు 3 టీఎంసీల నీటిని ఇక్కడ నిలిపి కాలువలకు మళ్లించే పద్ధతి చెప్పండి. ముందే చెప్పేస్తే చూపు అక్కడితో ఆగిపోతుంది.

తర్వాత కళ్ల ముందున్న ఒడ్డును చూపించండి. పూజ పూలు పాలిథిన్ కవరుతో సహా నీళ్లలో తేలుతుంటాయి. ఇక్కడ మీ మాట తీరు ముఖ్యం. భక్తితో వదిలినవారిని పిల్లల ముందు చులకన చేయకండి. పూలు మట్టిలో కలుస్తాయి, కవరు కలవదు కాబట్టి పూలను ఎలా సాగనంపితే నదికి, దేవుడికి ఇద్దరికీ మర్యాదగా ఉంటుందో ఆలోచించమనండి. “మా ఇంట్లో తులసికోట మొదట్లో వేస్తాం టీచర్” అని ఎవరో ఒకరు చెబుతారు. సంస్కృతి, పర్యావరణం వేర్వేరు పాఠాలు కావని పిల్లలకు తెలిసేది ఇటువంటి చోటనే. ఒడ్డున చెత్త ఏరించాలని అనిపిస్తే మందమైన చేతి తొడుగులు లేకుండా ఏరించకండి, గాజు పెంకుల జోలికి అసలే పోనివ్వకండి. ఏరడం కంటే ఏయే వస్తువులు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి రాసుకోవడమే ఆ వయసు పిల్లలకు ఎక్కువ నేర్పుతుంది.

ఉండవల్లిలో

అక్కడినుంచి ఉండవల్లి గుహలు కొద్ది దూరమే. నాలుగు అంతస్తులుగా కొండనే తొలిచిన ఈ కట్టడం విష్ణుకుండినుల కాలానిదని చెబుతారు. బస్సు దిగగానే లోపలికి పరుగెత్తనివ్వకుండా, ఎదురుగా ఉన్న పచ్చిక దగ్గర కూర్చోబెట్టి ముఖభాగం మొత్తాన్ని పెన్సిలుతో గీయమనండి. బొమ్మ బాగుండనక్కరలేదు. స్తంభాల వరుసలు ఎన్ని, ఏ అంతస్తు పూర్తి కాలేదు అన్నవి గీసే చేతికి తెలిసినంతగా నడిచే కాలికి తెలియవు.

లోపల శేషశయనుడైన అనంతపద్మనాభుడి విగ్రహం ఐదు మీటర్లకు పైగా పొడవు ఉంటుంది. చీకటి గదిలో అడుగుపెట్టిన పిల్లలకు మొదట ఏమీ కనిపించదు, కళ్లు అలవాటు పడ్డాక పాదాల నుంచి తల వరకు విగ్రహం కొద్దికొద్దిగా తెలుస్తుంది. ఆ రెండు నిమిషాలు ఎవరూ టార్చి వేయకుండా చూడండి. ఆ తర్వాత ఒక్క ప్రశ్న అడగండి: “రాయి తెచ్చి పెట్టలేదు, ఉన్న రాతిని తీసేశారు. ఒక్క దెబ్బ తప్పితే శిల్పి ఏం చేసి ఉంటాడు?” పూర్తికాని భాగాల దగ్గర నిలబెట్టి ఉలి గుర్తులు వెతకమంటే పిల్లలు ఎంతసేపైనా అక్కడే ఉంటారు.

ఇటువంటి కట్టడాల మీద గోకిన పేర్లు, హృదయపు గుర్తులు ఎక్కడైనా కంటపడితే దాటవేయకండి. 1958 నాటి పురాతన కట్టడాల చట్టం ప్రకారం రక్షిత కట్టడాన్ని పాడుచేస్తే రెండేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా పడవచ్చని చెప్పండి. శిక్ష భయం కంటే మరొకటి ఎక్కువ పనిచేస్తుంది: శిల్పి పేరు ఎక్కడా లేదని, గోకినవాడి పేరు మాత్రం ఉందని చూపించండి. ఇక ఆ మాటను పిల్లలకే వదిలేయండి.

భోజనం

కార్తీకంలో వెళ్తే దీనిని వనభోజనంగా జరపండి. చెట్టుకింద జంబుఖానాలు పరిచి, విస్తరాకుల్లో పులిహోర, దద్దోజనం, అరటిపండు పెడితే చాలు. పిల్లలే వంతులవారీగా వడ్డించాలి, టీచర్లు, డ్రైవరు కూడా అదే వరుసలో కూర్చోవాలి. ఎవరి విస్తరి వారే తీసి తడి చెత్త సంచిలో వేయాలి. లేచి వెళ్లేముందు చెత్త బాధ్యులు నేలంతా ఒకసారి చూసి సరే అంటేనే జట్టు కదలాలి. చెత్తనంతా అక్కడి కుండీలో కుక్కి రాకుండా బడికే తీసుకురండి, ఎందుకో తర్వాత చెబుతాను.

మగ్గం దగ్గర

మధ్యాహ్నం మంగళగిరిలో ఒక్కొక్క జట్టునే మగ్గం గదిలోకి పంపండి. మిగిలిన జట్లు ఆ సమయంలో లక్ష్మీనరసింహస్వామి ఆలయం బయట నుంచి గాలిగోపురాన్ని చూడవచ్చు. పదకొండు అంతస్తుల ఆ గోపురాన్ని 1807–09 మధ్య అమరావతి జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు కట్టించాడు. 153 అడుగుల ఎత్తును నీడ పొడవుతో అంచనా కట్టే లెక్క ఎనిమిదో తరగతి వారికి ఇవ్వవచ్చు.

గుంట మగ్గంలో నేసేవారు నేలలోని గుంటలో కాళ్లు పెట్టి కూర్చుని, కాళ్లతో తొక్కుళ్లు తొక్కుతూ, చేత్తో నాడె (పేక దారాన్ని అటూ ఇటూ మోసే చిన్న పనిముట్టు) ఆడిస్తారు. పడుగు దారాలు బిగువుగా పరచి ఉంటాయి, పేక దారం వాటి మధ్యలోంచి ఇటునుంచి అటు పోతుంది. ఒక్క పడుగు దారం తెగితే దానిని వెతికి, వేళ్లతో ముడివేసి, మళ్లీ బిగించేవరకు పని సాగదు. అందుకే ఎవరూ దారాన్ని తాకరాదని గడప బయటే చెప్పి పంపండి. పిల్లలు రెండు ప్రశ్నలు సిద్ధం చేసుకుని వెళ్లాలి, అవి కూడా మర్యాదగా “తాతగారూ, ఈ పని ఎప్పుడు నేర్చుకున్నారు?”, “అమ్మా, ఒక చీరకు ఎన్ని రోజులు పడుతుంది?” అన్నట్లు ఉండాలి. మీకు ఎంత వస్తుంది, మీ పిల్లలు ఈ పని చేస్తారా అన్న ప్రశ్నలను పిల్లలు అడగకుండా ఉండలేరు. ముందు రోజే నేతపనివారితో ఆ సంగతి చెప్పి, జవాబు చెప్పడం వారికి ఇష్టమైతేనే అడగనివ్వండి. జవాబు ఏదైనా పిల్లలు దానిని మరిచిపోరు.

మంగళగిరి చీరలకు పేరుతెచ్చిన నిజాం అంచు ఎలా వస్తుందో, రంగు ఎక్కడ అద్దుతారో, అద్దిన తర్వాత ఆ నీళ్లు ఎక్కడికి పోతాయో అడిగితే ఉదయం నది దగ్గర మొదలైన ప్రశ్న మళ్లీ ఇక్కడ కలుస్తుంది. ఫొటోలు తీయాలంటే ఇంటివారిని అడిగి, టీచరు ఒక్కరే తీయాలి. పిల్లల చేతికి ఫోన్లు ఇవ్వవద్దు, తల వంచి తెర చూసే పిల్లవాడికి నాడె శబ్దం వినిపించదు.

నాలుగు గంటలకు తిరుగు ప్రయాణం మొదలుపెట్టండి. బస్సులో పాటలు పాడనివ్వండి, అలసిన పిల్లలకు అప్పుడు పాఠం చెప్పకండి.

తిరిగి వచ్చాక

మరునాడు మొదటి పీరియడ్‌లో చెత్త సంచులను త్రాసు మీద పెట్టించండి. తడి ఎంత, పొడి ఎంత, పొడిలో ఇంటినుంచి వచ్చిన పొట్లాలు ఎన్ని అని పిల్లలే తూచి బోర్డు మీద రాయాలి. తడి చెత్తను బడి తోటలో గుంట తీసి పూడ్చి, తేదీ రాసిన కర్ర పాతించండి. నెల తర్వాత అదే గుంట తవ్వి విస్తరి ఏమైందో, పొరపాటున పడిన ప్లాస్టిక్ ముక్క ఏమైందో చూడమనండి.

రెండో పని ఉత్తరాలు. మగ్గం చూపించిన కుటుంబానికి కృతజ్ఞతతో ఒక ఉత్తరం తరగతి మొత్తం తరఫున వెళ్లాలి, దానితో పాటు పిల్లలు గీసిన మగ్గం బొమ్మ కూడా. ఘాటు దగ్గర లెక్కపెట్టిన చెత్త వివరాలతో, పూజ పూలకు ప్రత్యేకంగా ఒక తొట్టి పెట్టించమని కోరుతూ స్థానిక అధికారులకు మరో ఉత్తరం రాయించండి. విజ్ఞప్తి ఎలా రాయాలో తెలుగు వాచకంలో ఉన్న పాఠానికి ఇంతకంటే మంచి అభ్యాసం ఉండదు. జవాబు రాకపోతే నెల రోజుల తర్వాత గుర్తుచేస్తూ మళ్లీ రాయాలని కూడా నేర్పండి.

మూడోది, బడిలోనే ఒక పని చేపట్టడం. కారుతున్న కుళాయి కింద గంటసేపు బకెట్టు పెట్టి నీటిని కొలిచి, రోజుకు, నెలకు ఎంత పోతోందో లెక్కగట్టి, బాగుచేయించే వరకు ఒక జట్టు వెంటపడాలి. ప్లంబరును పిలిచే పని పెద్దలు చేసినా, పిలిచేలా చేసింది తామేనని పిల్లలకు తెలియాలి.

యాత్ర మీద వ్యాసం రాయమని ఇంటిపని ఇవ్వకండి. దానికి బదులు ఆరో తరగతి పిల్లలను నాలుగో తరగతికి పంపి, తమ నోటు పుస్తకాల్లోని బొమ్మలు చూపిస్తూ చూసినది చెప్పించండి. చిన్నపిల్లలు అడిగే ప్రశ్నల దగ్గర ఏది అర్థమైందో, ఏది కాలేదో మీకు స్పష్టంగా తెలుస్తుంది. వారు చెప్పలేకపోయిన విషయాన్ని తరగతిలో మళ్లీ చెప్పండి.

చివరగా ఒక ఫైలు తయారుచేయండి. వెళ్లిన దారి, పట్టిన సమయం, ఖర్చుల పట్టిక, మరుగుదొడ్ల వివరాలు, మాట్లాడిన వారి నంబర్లు వారి అనుమతితో, అంగీకార పత్రం నమూనా, ఏ ప్రశ్నకు పిల్లలు బాగా స్పందించారో, ఎక్కడ విసుగు చెందారో అందులో ఉండాలి. వచ్చే ఏడాది ఆ తరగతి తీసుకునే టీచరుకు జూన్‌లోనే దానిని అందజేయండి, నవంబరుకు వారు కొత్త ప్రశ్న ఎంచుకునే సమయం దొరుకుతుంది.